పేరు అడగని చుట్టం

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ తీదా ఉంది. పొద్దున్నే పట్నం వ్యాను దిగిన మేనత్త సర్జో ఉంది. అమ్మ ఫిలిజె ఉంది. సుంకారి, ఆమె చెల్లెలు ఆరేళ్ల నీమా ఉన్నారు. వసారాలో కాళ్లు కట్టేసిన తెల్ల కోడిపెట్ట ఒకటి ఉంది. దాని పక్కన చాప మీద, మేనత్తతో పాటు వచ్చిన పెద్దావిడ కూర్చుని పాదాలు ఒత్తుకుంటోంది. ఆమె పేరు ఎవరికీ తెలియదు.

నాన్న కెమో లేడు. అక్క వస్తోందని కబురు అందిన సాయంత్రమే, వాగు అవతల వేరుశనగ చేలో కలుపు పెరిగిపోయిందంటూ దుప్పటి భుజాన వేసుకుని తమ్ముడి గుడిసెకు వెళ్లిపోయాడు. ఆ చేలో కలుపు కిందటి వారమే తీశారు. సుంకారికి ఆ సంగతి బాగా తెలుసు, అందులో సగం తీసింది తనే.

వాళ్ల ఊరు ఫారోబాలో ఇంటికి చుట్టం వస్తే ముందు నీళ్లు ఇస్తారు. నీళ్లు తాగాక ఇంటిపేరు, పుట్టిన ఊరు అడుగుతారు. ఆ తర్వాత ఇల్లు క్షేమమా, పిల్లలు క్షేమమా, పొలం, మేకలు, ఇరుగుపొరుగు అందరూ క్షేమమా అని ఒక్కటొక్కటిగా అడిగి, ఒక్కటొక్కటిగా జవాబు విని, అప్పుడు గానీ పని మాట ఎత్తరు. నాన్నమ్మ నీళ్ల లోటా పెద్దావిడ చేతికి ఇచ్చి, ఎదురుగా పీట లాక్కుని కూర్చుని, "అమ్మా, మీది ఏ ఇంటిపేరు?" అని మొదలుపెట్టబోయింది. మేనత్త మధ్యలో అడ్డం వచ్చింది. ఆవిడకు దారంతా నిద్ర లేదని, సాంబ్రాణి అమ్ముకునే మనిషని, రెండు రోజులుండి వెళ్లిపోతుందని, ఊళ్లో ఎవరికీ చెప్పనవసరం లేదని గబగబా చెప్పింది. పెద్దావిడ తల వంచుకుని నీళ్లు తాగింది.

నాన్నమ్మ పీట మీద నుంచి లేవలేదు. "కోడిని కొన్నా ఎవరి గూటిదని అడుగుతామే. మనిషిని అడగొద్దంటావా?" అంది.

"తర్వాత అడుగుదువులే అమ్మా. అంతా అయ్యాక."

అంతా అయ్యాక అన్న మాట దగ్గర అమ్మ చేతిలో జల్లెడ ఆగింది. మళ్లీ కదిలింది.

మేనత్త సంచీ విప్పింది. నాన్నమ్మకు కోలా కాయలు, అమ్మకు తలగుడ్డ, సుంకారికి నల్ల బూట్లు. ఊరి బడి తొమ్మిదో తరగతితో అయిపోయింది. పై చదువుకు సుంకారి పట్నంలో మేనత్త ఇంట్లో ఉండాలని ఏడాది కిందటే మాట అనుకున్నారు. బూటులో వేలు పెట్టి చూస్తూ, "ఇంకా పెరిగే కాలు, కాస్త వదులుగానే తెచ్చాను. ఎల్లుండి నాతో పాటే ప్రయాణం, నీ బట్టలు కట్టుకో" అంది మేనత్త. సుంకారి తల ఊపింది. ఆ పిల్లకు మాట తక్కువ. చుట్టాలొస్తే తలుపు వెనక నిలబడి పలకరిస్తుంది, అది కూడా వాళ్లు ఇంకో మాటలో పడ్డాక. బడిలో ఆమె గొంతు విన్నవాళ్లు వేళ్ల మీద లెక్క.

సంచీ అడుగు నుంచి ఇంకో రెండు వస్తువులు వచ్చాయి. ఒకటి ఉతకని తెల్ల గుడ్డ తాను. రెండోది రేడియో బ్యాటరీలు. గూట్లో రేడియో మూగబోయి చాన్నాళ్లయింది. మేనత్త దాన్ని దింపి, దుమ్ము ఊది, బ్యాటరీలు వేసి పెద్దగా పెట్టింది. ఎవరో కాయగూరల ధరలు చెబుతున్నారు. ఆమె వసారాలోంచి పెరట్లోకి నడిచి, వెదురు తడిక కట్టిన స్నానాల గది లోపల నిలబడి, అక్కడి నుంచి విన్నది. తిరిగి వచ్చి ఇంకొంచెం పెంచింది.

సుంకారి చేతిలోని బూటు జారి కింద పడింది.

ఆమెకు శుద్ధి చేయించిన రోజున డప్పులు మోగాయి. ఊళ్లో ఆడవాళ్లంతా చేతులు చరుస్తూ పాడారు. ఎందుకంత గట్టిగా పాడుతున్నారో తడిక లోపలికి వెళ్లాక తెలిసింది. ఇప్పుడు చట్టం వచ్చింది, డప్పు మోగిస్తే పోలీసులు వస్తారు. అందుకని బ్యాటరీలు.

నీమా తెల్ల గుడ్డ కొసను మెడ చుట్టూ కప్పుకుని, "ఇది నాకేనా అత్తా?" అని అడిగింది.

"నీకేనే బంగారం. ఎల్లుండి కట్టుకుని కోడికూర తిందువుగాని."

మధ్యాహ్నం అమ్మ, సుంకారి మడికి వెళ్లారు. నదికి ఇటు పక్క పల్లంలో ఆడవాళ్ల మడులు. నారు ముదిరిపోతోంది. మోకాలి లోతు బురదలో వంగి, ఎడమ చేతిలో నారు కట్ట, కుడి చేతి బొటనవేలితో మొక్క వేరును బురదలోకి దించి, అడుగు వెనక్కి, మళ్లీ దించి. అమ్మ నాటిన వరస దారం పట్టినట్టు ఉంటుంది. ఆ రోజు వంకర పోయింది.

 సుంకారి వంగినది వంగినట్టే, నీళ్లతో చెబుతున్నట్టుగా, ఆ పెద్దావిడ సాంబ్రాణి అమ్మే మనిషి కాదు గదా అంది. అమ్మ కాదని అనలేదు. చెల్లెల్ని తీసుకుని అమ్మమ్మ ఊరు వెళ్లిపోదామంది సుంకారి. వెళ్తే ఆడబిడ్డ అక్కడికే వస్తుందంది అమ్మ. మొగుడి అక్క వచ్చి పిల్లల మీద చెయ్యి వేస్తే తీసేయమనే హక్కు ఏ కోడలికీ లేదని, తన పెళ్లినాడు తన చెయ్యి పట్టుకుని గడప దాటించింది సర్జో వదినేనని, కరువు ఏడు బియ్యం పంపింది ఆమేనని చెప్పింది.

"నువ్వు వద్దంటావా, కావాలంటావా అమ్మా? అది చెప్పు చాలు."

అమ్మ నడుము ఎత్తింది. నుదుటి మీది బురదను ముంజేత్తో తుడుచుకుంది, అది ఇంకాస్త అంటుకుంది.

"నీ అప్పుడు నేను తడిక ఇవతల నిలబడి పాడాను. అందరికంటే గట్టిగా పాడాను" అంది. మళ్లీ వంగింది. 

రెండేళ్ల కిందట ఊరికి ఆరోగ్య కార్యకర్తలు వచ్చారు. బొమ్మలు పట్టి చూపించి, శుద్ధి పేరుతో ఆడపిల్లలకు చేసే ఈ కోత వల్ల కాన్పులు ఎందుకు కష్టమవుతాయో, ఆడపిల్లలు నెలనెలా ఎందుకు మెలికలు తిరుగుతారో చెప్పారు. ఊరి మంత్రసాని సోనా అందరి ముందూ కత్తిని నేలకేసి కొట్టి, ఇక పట్టనంది. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో నాన్నమ్మ ఒకతె. ఇంటికి వచ్చాక, "అంత దూరం నుంచి వచ్చి చెబుతుంటే వినడం మన మర్యాద" అంది, అంతే. సోనా కిందటేడు పోయింది. బడికి వచ్చిన నర్సమ్మ ఆడపిల్లల చేత ఒక ఫోను నంబరు కంఠతా పట్టించింది. సుంకారికి అది ఇప్పటికీ నోటికి వచ్చు. కానీ ఆ నంబరుకు చెబితే పోలీసుల జీపు వస్తుంది, జీపులో నాన్న ఎక్కుతాడు, మేనత్త ఎక్కుతుంది, కర్ర పట్టుకుని నాన్నమ్మ ఎక్కుతుంది. ఆ బొమ్మ కళ్లముందు కట్టగానే అంకెలు గొంతులోనే ఆగిపోయేవి.

సాయంత్రం వంట చేస్తుండగా వాన పట్టుకుంది. వంటపాక పెరటి చివర, వసారా ఇవతల. వేరుశనగ పులుసు పోసిన అన్నం బేసిన్ తీసుకుని సుంకారి పరుగెత్తింది. మూత కనిపించలేదు. తలగుడ్డ లాగి బేసిన్ మీద కప్పింది. జుట్టు మీద, వీపు మీద వాన ధారలు కట్టింది. వసారా ఎక్కి బేసిన్ దింపేసరికి ఒళ్లంతా నీరు, అన్నం మీద మాత్రం చుక్క పడలేదు.

పెద్దావిడ ఫక్కున నవ్వింది. వచ్చినప్పటి నుంచి ఆమె నవ్వడం అదే.

"ఎన్నేళ్లయినా అదే బుద్ధి. ఫారోబా వాళ్లు తల తడిస్తే ఓర్చుకుంటారు, గిన్నె తడిస్తే మాత్రం ఓర్చుకోరు" అంది.

అని టక్కున ఆగింది. ముద్ద కోసం చాచిన చెయ్యి గాలిలోనే నిలిచింది. ఆమె చూపు మేనత్త వైపు పోయింది. మేనత్త రేడియో మీద వాన జల్లు పడకుండా పక్కకు జరుపుతోంది, వినలేదు. నాన్నమ్మ ఇంకా నమాజు చాప మీద ఉంది. పెద్దావిడ తల దించుకుని ముద్ద కలపడం మొదలుపెట్టింది.

సుంకారి తడిబట్టలతో అలాగే నిలబడిపోయింది.

ఆ మాట జూలాకోటో వాళ్లది. వేరే ఎవరూ అనరు. నది మలుపు అవతల ఉన్న జూలాకోటోకూ ఫారోబాకూ తాతల కాలం నుంచీ వేళాకోళపు చుట్టరికం. పెళ్లిళ్లకు వచ్చినప్పుడు జూలాకోటో ఆడవాళ్లు తలగుడ్డలు తీసి గిన్నెల మీద కప్పి, వాన పడ్డట్టు గంతులేసి వెక్కిరిస్తారు. తాత పోయినప్పుడు ఆ ఊరి ముసలాయన ఒకడు తవ్విన గోతి పక్కన అడ్డంగా పడుకుని, నా బానిస చచ్చాడు, నా సెలవు లేకుండా ఎలా పూడుస్తారని మొండికేశాడు. ఏడుస్తున్నవాళ్లంతా నవ్వారు. కోడిపుంజును చేతిలో పెడితే గానీ లేవలేదు. ఆ చుట్టరికంలో ఎవరు ఎవర్ని ఎంత తిట్టినా కోపం రాకూడదు. తిట్టుకు తిట్టు జవాబు ఇవ్వకపోతే మాత్రం తప్పు.

భోజనాలయ్యాక నాన్నమ్మ వేరుశనగ కాయలు ఒలుస్తూ కూర్చుంది. సుంకారి పక్కన చేరి తనూ గుప్పెడు తీసుకుంది. కొన్ని కాయలు ఒలిచాక, జూలాకోటో వాళ్లతో మనకున్న ఒట్టు ఏమిటని అడిగింది. నాన్నమ్మకు ఆ కథ అంటే ఇష్టం. కరువులో రెండు ఊళ్ల పెద్దలు ఒకే బావి దగ్గర కలుసుకున్నారట. ఒకరినొకరు పొడుచుకోబోయి, బావిలో తమ నీడలు పక్కపక్కన చూసి ఆగారట. వేలు కోసుకుని చెరో చుక్క రక్తం నీళ్లలో కలిపి తాగారు. ఇక వాళ్ల ఊరి చేతుల మీదుగా మన ఊరి రక్తం గానీ, మన చేతుల మీదుగా వాళ్ల రక్తం గానీ కారకూడదు. ఒకరు అడిగింది ఇంకొకరు లేదనకూడదు.

"పన్ను పోటుతో మీ తాత మూడు ఊళ్లు తిరిగాడే. పక్కనే జూలాకోటోలో పళ్లు పీకేవాడున్నా పోలేదు. చిగురు నుంచి చుక్క కారితే ఎవడు దిక్కు?"

"ఆ ఊరి పిల్ల పెళ్లయి వేరే ఊరు వెళ్లిపోతే?"

"పెళ్లి పిల్లకు గాని రక్తానికి కాదు గదా" అంది నాన్నమ్మ, డొల్లను పక్కకు ఊదుతూ.

చెప్పేయాలని సుంకారి నోరు తెరిచింది. కానీ ఏమని చెప్పాలి? ఒక ముసలావిడ నోటి నుంచి ఒక మాట జారింది, అంతే. ఎక్కడో విన్నాను, అన్నాను అంటుంది. మేనత్త ఔనంటుంది. ఆ తర్వాత ఇంకొకామెను తెస్తుంది. ఇంతలో మేనత్తే దువ్వెన పట్టుకుని వచ్చి, పట్నం వెళ్లే పిల్ల జుట్టు ఇలాగా ఉండేదంటూ సుంకారిని మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుంది. ఆమె వేళ్లు మెత్తన. చిక్కు తీసేటప్పుడు కుదుళ్లు రెండో చేత్తో పట్టుకుంటుంది, నొప్పి తెలియకుండా.

జడలు అల్లుతూ తన కూతురి సంగతి, సుంకారి వదిన అని పిలిచే పిల్ల సంగతి, చెప్పింది. పట్నంలో అల్లారుముద్దుగా పెంచుకుని, మొగుడి మాట విని ఏ శుద్ధీ చేయించకుండా వదిలేసింది. పెళ్లివారింట్లో ఆ పిల్ల వడ్డించబోతే ఒకామె బేసిన్ వెనక్కి లాక్కుని, సొలిమా చేతి అన్నం మాకొద్దంది. సొలిమా అంటే శుద్ధి లేనిది, పెద్దా చిన్నా తెలియనిది. ఆ పిల్ల ఇప్పటికీ విందు అంటే గదిలోంచి రాదు.

"నీమాకు ఆ మాట పడకూడదే. నేను బతికుండగా పడనివ్వను."

"నాకు నెలనెలా..." అని మొదలుపెట్టింది సుంకారి.

"అది ఆడపుట్టుక తల్లీ. అందరికీ ఉన్నదే" అని, జడ చివర ఎర్ర పూస గుచ్చింది మేనత్త.

మర్నాడంతా వాన తెరిపి ఇవ్వలేదు. ఎవరూ మడికి వెళ్లలేదు. సుంకారి పెద్దావిడ దగ్గర రెండు సార్లు నిలబడింది, రెండు సార్లూ వెనక్కి వచ్చింది. ఒకసారి ఆమే తల ఎత్తి, ఏం పిల్లా అని అడిగితే, నీళ్లు కావాలా అని మాత్రం అనగలిగింది. పెద్దావిడ చంకలో చిన్న గుడ్డ మూట ఉంది. నిద్రపోయేటప్పుడు కూడా దాన్ని తీయలేదు.

ఆ తర్వాతి రోజు తెల్లారేసరికి వాన వెలిసింది. మేనత్త నీమాకు తలంటి తెల్ల గుడ్డ కట్టింది. గుడ్డ పొడుగై కాళ్లకు అడ్డం పడుతుంటే నీమా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, పెళ్లికూతురిలా వసారాలో అటూ ఇటూ నడిచి అక్కకు చూపించింది. అమ్మ రోలు దగ్గర నిలబడి రోకలి వేస్తోంది. సుంకారి దగ్గరికి వెళ్లి చూసింది. రోట్లో గింజ లేదు.

మేనత్త రేడియో పెట్టింది. పాట హోరుమని ఇల్లంతా నిండింది. నాన్నమ్మ నమాజు చాప మడిచి, తడిక వైపు నడిచి, బయట పీట వేసుకుని కూర్చుంది. ఇంటి పెద్ద అక్కడ కూర్చోవాలి. తడిక లోపల పెద్దావిడ చాప పరుస్తోంది. మూట విప్పి పక్కన పెట్టింది.

"సుంకారీ, బిందెడు నీళ్లు తేవే" అని కేకేసింది మేనత్త, నీమా చెయ్యి పట్టుకుని.

సుంకారి బిందె నెత్తిన పెట్టుకుని పెరడు దాటింది. కాళ్ల కింద బురద జారుతోంది. తడిక వాకిట్లో బిందె దింపింది. నీళ్లు ఒలికి పెద్దావిడ చాప అంచు తడిసింది. పక్కకు తప్పుకోవాల్సింది, తప్పుకోలేదు. పెద్దల ఎదుట వంగి కళ్లు దించుకుని నిలబడడం తప్ప ఇంకోలా నిలబడడం ఆమె ఒంటికి తెలియదు. వీపు నిటారుగా చేసింది. చేతులు నడుము మీద పెట్టుకుంది.

"ఓసి జూలాకోటో బానిసా" అంది. గొంతు సన్నగా వచ్చింది, పాటలో కలిసిపోయింది. మళ్లీ అంది, ఈసారి రేడియో కంటే పైకి. "ఓసి జూలాకోటో బానిసా. నీ యజమాని నిలబడి ఉంటే నువ్వు కూర్చుంటావా? చేప తల లోపల దాచుకుని చుట్టాలకు తోక చూపించే జాతిదానివి, నీకు చాప ఎవరిచ్చారు?"

మేనత్త చెయ్యి లేచింది. చెంపదెబ్బ పెరట్లో వినబడింది. సుంకారి తల పక్కకు తిరిగి, మళ్లీ నిటారైంది. కళ్లు పెద్దావిడ ముఖం మీదే ఉన్నాయి.

"సర్జో, ఆగు" అంది నాన్నమ్మ. "ఆ రేడియో కట్టెయ్."

ఎవరూ కదల్లేదు. రోకలి వదిలేసి అమ్మ వచ్చి రేడియో కట్టేసింది. ఒక్కసారిగా ఊరి చప్పుళ్లన్నీ వినబడ్డాయి, మేకలు, ఎవరింట్లోనో దగ్గు.

పెద్దావిడ మోకాళ్ల మీద కూర్చునే ఉంది. ఇదేం పిచ్చిపిల్ల, నాకేం తెలుసు అంటే సరిపోయేది. ఆమె పెదవులు బిగించి మూట వైపు చూసింది. సుంకారి బుగ్గ మీద వేళ్ల అచ్చులు తేలడం చూసింది. జూలాకోటోలో పుట్టినవాళ్లకు ఆ తిట్టు విని ఊరుకోవడం తుమ్ము ఆపుకోవడం లాంటిది. 

"నా బానిసకు ఇంత నోరు ఎప్పుడొచ్చింది?" అంది మెల్లగా. "గిన్నెకు గుడ్డ కప్పి తల తడుపుకునే జాతికి, చేప తల రుచి ఏం తెలుస్తుందే?"

నాన్నమ్మ కర్ర ఊతంతో లేచింది. మొన్న ఆగిపోయిన చోట నుంచే మొదలుపెట్టింది.

"అమ్మా, నీ పేరు?"

"దుసూబా."

"పుట్టిన ఊరు?"

"విన్నావు గదక్కా."

"నా ఇంట్లో నీళ్లు తాగావు. ఎక్కడికి వచ్చావో తెలిసే తాగావా?"

దుసూబా తల దించుకుంది. పెళ్లయి పోయి నలభై ఏళ్లయిందని, ఒట్టు తనను మరిచిపోయి ఉంటుందనుకున్నానని, ఎవరూ అడగలేదు గనుక చెప్పలేదని అంది. చెబుతూనే మూట కట్టడం మొదలుపెట్టింది. ముడి పడక రెండుసార్లు విప్పి కట్టింది.

మేనత్తకు కోపం కంటే ముందు ఏడుపు వచ్చింది. బావులూ నీడలూ ఎవరు చూశారమ్మా, ఈవిడ కాకపోతే పట్నంలో ఇంకా నలుగురున్నారు, పిల్లను నేనే తీసుకుపోతానంది. నీమా చెయ్యి ఇంకా ఆమె గుప్పెట్లోనే ఉంది. గుడ్డ ఎత్తి పట్టుకోవడం మరిచిపోయి నీమా అందరి ముఖాలూ చూస్తోంది.

సుంకారికి అప్పుడు తెలిసింది, తాను చేసింది సగమేనని. ఆమె దుసూబా ఎదుట కూర్చుంది.

"బానిసా, నేనొకటి అడుగుతాను."

"అడుగు. అడిగితే లేదనకూడదు గదా" అంది దుసూబా. ఆమె ముఖంలో నవ్వు లేదు.

"నీమాను నీ దాన్ని చేసుకో. దాని ఒంటి నుంచి చుక్క రక్తం కారనివ్వనని చెప్పు. నీ చేత్తోనూ, ఇంకెవరి చేత్తోనూ."

 దుసూబా తలగుడ్డ తీసి అంచు పళ్లతో పట్టి చింపింది. నీమాను దగ్గరికి రమ్మంది. మేనత్త గుప్పెట దానంతట అది వదులైంది. గుడ్డ పేలికను నీమా మణికట్టుకు కట్టి, అందరికీ వినబడేలా, "ఈ పిల్ల జూలాకోటో సొత్తు. నా సొత్తు మీద కత్తి పెట్టేవాళ్లు ముందు నన్ను అడగాలి. నేను ఒప్పుకోను" అంది.

అది వేళాకోళం మాటే. నవ్వుతూ అనేదే. కానీ నాన్నమ్మ నవ్వలేదు.

"విన్నాను" అంది. కూతురి వైపు తిరిగింది. "చట్టం అన్నారు, పోనీలే అన్నాను. రోగం అన్నారు, చప్పట్లు కొట్టి వచ్చాను. నాకు శుద్ధి కావాలనే ఉంది సర్జో, ఇప్పటికీ. కానీ తాతలు తాగిన నీళ్లు నేను కక్కలేను. ఈ పిల్ల జోలికి ఇక రావద్దు. నేను పోయాక కూడా."

కోడిపెట్ట కాళ్లు అమ్మ విప్పేసింది. అది కాసేపు నిలబడలేక పడి, తర్వాత పరుగెత్తింది.

వ్యాను పొద్దెక్కాక వచ్చింది. సుంకారి మేనత్త సంచీని నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా నడిచింది. తన బట్టల మూట చంకలో ఉంది. కొత్త బూట్లు దాని పైన, లేసులతో కట్టి. బుగ్గ ఇంకా మండుతోంది. వెనక నీమా పేలిక కట్టిన చెయ్యి ఊపుకుంటూ వస్తోంది.  దుసూబా ముందుగా ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. ఆమె చంకలో చిన్న మూట అలాగే ఉంది. దాన్ని చూడగానే సుంకారి కాళ్లు ఆగిపోయాయి. తాను దుసూబాను అడిగింది ఒక్క నీమా కోసమే, మూటలో కత్తి ఇంకా ఉంది.

మేనత్త సంచీని సుంకారి నెత్తి మీద నుంచి తనే దింపుకుంది. లోపల పెట్టింది. ఎక్కింది. చెయ్యి మళ్లీ చాచింది, బట్టల మూట కోసమనుకుని సుంకారి ముందుకు ఇవ్వబోయింది. ఆ చెయ్యి తలుపు పిడి మీదికి వెళ్లింది.

తలుపు పాతది. లాగితే సగం దూరం వచ్చి, గొళ్లెం పడక, తనంతట తాను వెనక్కి జారింది. ఆ సందులో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేనత్త కళ్లు ఎర్రగా ఉన్నాయి. సుంకారి ఏదైనా అంటుందేమోనని ఆమె ఆగినట్టుంది. తప్పయింది అత్తా, ఆ ఒక్క మాట చాలు. ఆ మాట సుంకారికి ఎప్పుడూ నాలుక చివరే ఉండేది. చేయని తప్పులకు కూడా అనేది.

నీమా వెనక నుంచి వచ్చి అక్క వేలు పట్టుకుంది.

"క్షేమంగా వెళ్లు అత్తా" అంది సుంకారి, కళ్లు దించకుండా. "ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. వదిననూ అడిగానని చెప్పు. ఆమె వడ్డిస్తే నేను తింటాను."

 మేనత్త రెండు చేతులతో పిడి పట్టుకుని, ఈసారి గొళ్లెం పడేంత బలంగా, తలుపు వేసేసింది.